మిషను కళ్ళు మూసినవాడు

నిన్న పొద్దున పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా నా ఫోను ఏదో అడిగింది. కోడలు తీసి చూసి, "కొత్త ప్యాచ్ వచ్చిందంట అత్తయ్యా, ఎక్కించుకోమంటోంది. నొక్కేదా?" అంది.

"ఎవరు పంపారు?"

"ఫోను కంపెనీవాళ్ళే."

"వాళ్ళేనని నీకెట్లా తెలుసు?"

ఆ పిల్ల నా మొహం చూసి, ఫోను మెల్లగా గూట్లో పెట్టేసింది. ప్యాచ్ అన్న మాట మాకు నేర్పినవాడు పోయి ఏడాది దాటింది.

పేరు రాయను. రాస్తే కోపం ఉన్నవాళ్ళు ఇంకోసారి తిట్టుకుంటారు. జాలిపడేవాళ్ళు ఎట్లాగూ లేరు. బతికుండగా కూడా అందరూ మెకానిక్కనే పిలిచేవాళ్ళు. ప్రత్తిపాడు సెంటర్లో ఎరువుల షాపు పక్క సందులో ఆయన కొట్టు. కొట్టంటే ఒక తలుపు వెడల్పు. కస్టమరు లోపలికి రావాలంటే ఆయన బయటికి రావాలి. మొదట మా చర్చి మైకుసెట్టు బాగుచేసేవాడు, ఆ తర్వాత బోరు మోటార్ల స్టార్టర్లు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు. చివరికి డ్రోన్లు.

ఆయనకు ఒక అలవాటుండేది. రిపేరుకు వచ్చిన వస్తువుతో మర్యాదగా మాట్లాడేవాడు. మిక్సీని రెండు చేతులా అందుకుని, "రండి, కూర్చోండి. ఎవరు పడేశారు మిమ్మల్ని?" అనేవాడు. తల ఎత్తి మిక్సీ తెచ్చిన మనిషిని చూస్తే మాత్రం, "ఏంటే, పసుపు కొమ్ములు వేసి తిప్పావా దీంట్లో? బుద్ధుందా?" అనేవాడు. ఆయన భార్య నాతో అంటూ ఉండేది, "నేను మిక్సీనై పుట్టాల్సింది వదినా, చెడిపోయినప్పుడన్నా 'రండి' అని పిలిచేవాడు" అని.

పెద్ద స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. పక్కన లారీ హారను మోగినా కదిలేవాడు కాదు. "బేరింగ్ ఏడుస్తోందక్కా" అనేవాడు. మేకులూ మరలూ నోట్లో పెట్టుకుని మాట్లాడేవాడు, ఒక్కటి కూడా మింగగా నేను చూడలేదు. ఇక పెన్‌డ్రైవు. మొలతాడుకు తాళంచెవి కట్టుకున్నవాళ్ళను చూశాను, తాయెత్తు కట్టుకున్నవాళ్ళను చూశాను. ఈయన పెన్‌డ్రైవు కట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌కు పెట్టాల్సి వచ్చినప్పుడల్లా చొక్కా పైకెత్తి, నడుము వంచి, బల్ల దగ్గరకు పొట్ట చేర్చేవాడు. మా కూలి ముఠా ఆడవాళ్ళు అది చూసి కిసకిసలాడితే, "నవ్వండి, నవ్వండి. మీ ఊరి మిషన్లన్నిటి ప్రాణం ఇందులో ఉంది" అనేవాడు.

ఏ వస్తువైనా చెప్పిన మాట వినకపోతే ఆయన చెప్పేది ఒకటే. "తెలివి ఎక్కువైంది దీనికి. కాస్త తగ్గించాలి." వేడెక్కితే ఆగిపోయే ఇస్త్రీపెట్టెకైనా, పాస్‌వర్డు అడిగే ఫోనుకైనా అదే మందు. తగ్గించేవాడు. అది పనిచేసేది. జనం సంతోషంగా తీసుకుపోయేవాళ్ళు.

నేను కలుపుకీ మిరపకాయ కోతకీ ఆడవాళ్ళ ముఠాను తీసుకువెళ్ళే మేస్త్రిని. ఇరవై మందిమి ఉండేవాళ్ళం. అందులో నా చెల్లెలు రూతమ్మ ఒకతి. కాయ కోయడంలో దానికి సాటి లేదు. పొగరుగా చెప్పడం కాదు, దాని గోతంలో తొడిమ ఊడిన కాయ వెతికినా దొరికేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ అంతే, మిగిలిన ఒళ్ళు ఎక్కడో ఉన్నట్టుండేది. ఒక సాలు నేను పూర్తిచేసేసరికి అది రెండో సాలు మొదట్లో నిలబడి, "అక్కా, నిద్రొస్తోందా?" అని ఎగతాళి చేసేది.

మేం ఎక్కువగా వెళ్ళే ఆసామి డ్రోను కొన్నాడు. ఆరు రెక్కలు, కింద మందు డబ్బా. నల్ల తామర పురుగు పూతను తినేస్తున్న రోజులవి. వీపు మీద పంపు వేసుకుని మందు కొట్టే మగవాళ్ళు దొరక్కుండా పోయారు. డ్రోను వచ్చాక ఎకరం మందు మేం టీ తాగి గ్లాసు కడిగే లోపు అయిపోయేది. అందరికీ బాగానే ఉంది. చిక్కంతా జొన్నతో వచ్చింది.

పురుగు పక్క చేలనుంచి ఎగిరి రాకుండా మిరప చుట్టూ రెండు వరసలు జొన్న వేయమని వ్యవసాయ ఆఫీసువాళ్ళు చెప్పారు. వేశారు. జొన్న మనిషిని మించి పెరిగింది. అదే సమయానికి డ్రోను కంపెనీ కొత్త ప్యాచ్ పంపింది. ఎదురుగా ఏదైనా అడ్డం ఉంటే మిషను దానంతట అదే ఆగిపోవాలని. ఇంకేముంది, జొన్న దగ్గరకు వెళ్ళడం, గాలిలో నిలబడడం. చేను అంచు చివరంటా మందు పడకుండానే వెనక్కి తిరగడం. ఆసామి రిమోటు పట్టుకుని గట్టు మీద గంతులు వేసేవాడు. "పో, పో! గడ్డికి భయపడతావేందే?" మేం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం. కంపెనీకి ఫోను చేస్తే, "అది మనుషుల క్షేమం కోసమండీ. మీ జొన్న తీసేయండి" అన్నారట. జొన్న తీస్తే పురుగు వస్తుంది. ఉంచితే డ్రోను పోదు. ఒకరు వేయమంటారు, ఒకరు పీకమంటారు.

ఆసామి డ్రోనును ట్రాక్టరులో వేసుకుని మెకానిక్కు దగ్గరకు వెళ్ళాడు. ఎరువుల షాపులో పురుగుమందు డబ్బాలు ఎక్కించుకోవడానికి నేను కూడా ఆ ట్రాక్టరులోనే ఉన్నాను.

ఆయన డ్రోను చుట్టూ ఒకసారి తిరిగి, ముందున్న రెండు గుండ్రటి కళ్ళను వేలితో తుడిచి, "నమస్కారమండీ" అన్నాడు. తర్వాత ఆసామితో అన్నాడు: "దీని తెలివి తగ్గించాలి."

"తగ్గించవయ్యా. దండం పెడతా."

వారం తర్వాత కబురు చేశాడు. ఏదో ఫోను గ్రూపులో ఎవరో ప్యాచ్ పెట్టారట. ఆ ఎవరో ఎవరని నేనే అడిగాను.

"తెలీదక్కా. గ్రూపులో ఉంటాడు. ఇంతకుముందు రెండు పంపాడు, బ్రహ్మాండంగా పనిచేశాయి."

"పేరు తెలీనివాడు ఇచ్చింది ఇంత మిషనులో పెడతావా?"

"ప్యాచ్ అంటే అతుకేనక్కా. అతుకు వేసినవాడి పేరెందుకు, నిలిచిందా లేదా చూసుకోవాలి గానీ."

ఆయనది మోసం కాదు. అది చెప్పాలి. ముందు తన కౌలు చేలో పెట్టి చూశాడు. అరెకరం ముక్క అది. చేలో ఒక కర్ర పాతి, దానికి తన చొక్కా తొడిగి, డ్రోనును నేరుగా దాని మీదికి పంపాడు. డ్రోను ఆగలేదు. చొక్కా గుడ్డపీలికలై పైకి లేచింది. గట్టు మీద చూస్తున్న మేమందరం కేకలు పెట్టాం. ఆయన ఒంటి మీద బనీనుతో నిలబడి పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు.

"చూశావా అక్కా? పనిచేసింది!"

చొక్కా చిరిగితే పనిచేసినట్టు. ఆ మాట నాకు అప్పుడే ఎక్కడో తగిలింది. కానీ నేను కూడా నవ్వాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆసామికి మిషను అప్పగిస్తూ ఆయన ఒక షరతు పెట్టాడు. "దీని కళ్ళు నేను మూశానండీ. ఇక మీ కళ్ళే దీని కళ్ళు. ఎగరేసే ముందు ఒక మనిషి చేను చుట్టూ నడిచి, ఆడవాళ్ళందర్నీ బయటికి తేవాలి." ఆ సీజను మొదట్లో ఆయనే వచ్చి నడిచేవాడు. జొన్న వరసల్లో కర్రతో తడుతూ, "లేవండమ్మా, రండమ్మా! ఈ గుడ్డిగుర్రం వస్తోంది!" అని అరిచేవాడు. మేం లేచి వెళ్ళి ఆయన చూపించిన చోట కూర్చునేవాళ్ళం. డ్రోను లేవడానికీ దిగడానికీ పరిచిన పట్టా పక్కనే, జొన్న నీడలో. "ఇక్కడైతే నా కళ్ళ ముందుంటారు. దీనికంటే భద్రమైన చోటు ఈ పొలంలో లేదు" అనేవాడు.

ఆయన మాట మేం తూచా తప్పకుండా విన్నాం. వినకపోయి ఉంటే బాగుండేది.

కలుపు రోజులు. పొద్దున పది గంటలు దాటింది. ఆ రోజు కూడా మెకానిక్కే చేను చుట్టూ నడిచి పిలిస్తే, అందరం బయటికొచ్చి పట్టా పక్కన కూర్చున్నాం. ఎవరో మజ్జిగ డబ్బా తీశారు. డ్రోను చేను అవతలి కొసన ఉంది, చప్పుడు దూరంగా వినిపిస్తోంది. రూతమ్మ మాకు కాస్త ఎడంగా జొన్నకు వీపు పెట్టి కూర్చుని, జడలో ఇరుక్కున్న గడ్డి తీసుకుంటోంది.

చప్పుడు దగ్గరైంది. మందు పోసుకోవడానికి వస్తోంది కాబోలు అనుకున్నాం. మామూలుగా అయితే ఆసామి రిమోటుతో పైనుంచి తెచ్చి పట్టా మీదికి దించేవాడు. ఈసారి జొన్న విరుగుతున్న శబ్దం. ఆకులు చిమ్ముకుంటూ, మనిషి కూర్చున్నంత ఎత్తులో, జొన్నను చీల్చుకుంటూ వచ్చింది. మెకానిక్కు "పడుకోండి!" అని అరిచాడు. రూతమ్మ వెనక్కి తిరిగి, మొహానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది.

అదంతే. మొహం దక్కింది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలు పోయాయి.

ఆ తర్వాత ఆయన చెబితే తెలిసింది. బ్యాటరీ అయిపోవస్తే డ్రోను దానంతట అదే ఇంటికి తిరిగి వస్తుందట. కంపెనీవాళ్ళదైతే ముందు బాగా పైకి లేచి, ఆ ఎత్తులోనే వచ్చి, బయలుదేరిన చోట దిగుతుంది. ఆ పేరులేనివాడి ప్యాచ్‌లో పైకి లేవడం కూడా తీసేసి ఉంది. అది ఎక్కడా రాసి లేదు. ఈయన తన చేలో చూసినప్పుడు తెలియలేదు. అరెకరం చేలో బ్యాటరీ అయిపోదు కదా. అన్నీ చూశాడు, చొక్కా చింపి మరీ చూశాడు. మిషను అలిసిపోతే ఏం చేస్తుందో మాత్రం చూడలేదు. అది తిరిగి వచ్చే దారిలోనే, భద్రమని చెప్పి మమ్మల్ని కూర్చోబెట్టాడు.

గుంటూరు ఆసుపత్రిలో రూతమ్మకు మెలకువ వచ్చి, కట్టు చూసుకుని, నన్ను మొదట అడిగింది, "కోతలు ఎప్పుడక్కా?" అని. సంక్రాంతి దాటాక అన్నాను. "అప్పటికి తగ్గుతుందిలే" అంది. దానికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

డ్రోనుకు బీమా ఉందనీ, మనుషులకు దెబ్బ తగిలితే వస్తుందనీ ఆసామి చెప్పాడు. కంపెనీనుంచి మనిషి వచ్చి మిషను చూసి రాయాలి, బయటి ప్యాచ్ కనపడితే పైసా రాదు. మర్నాడే వస్తున్నాడు. ఆసామీ నేనూ కలిసి మెకానిక్కు కొట్టుకు వెళ్ళాం.

డ్రోను బల్ల మీద ఉంది. రెక్కలు తుడిచి పెట్టాడు. ఆయన ముందు నేలమీద కూర్చుని ఉన్నాడు.

ఆసామి అన్నాడు: "ఏమోయ్, కంపెనీ సాఫ్ట్‌వేర్ నీ దగ్గర ఉందిగా?"

ఆయన చొక్కా ఎత్తి, మొలతాడు విప్పి, పెన్‌డ్రైవు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇదుగోండి. పది నిమిషాల పని."

"మరి ఎక్కించు. ఆ దిక్కుమాలిన ప్యాచ్ తీసేసి కంపెనీది పెట్టెయ్. మిషను వాళ్ళది, సాఫ్ట్‌వేర్ వాళ్ళది, తప్పూ వాళ్ళదే."

ఆయన కదలలేదు. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను. "తమ్ముడూ, నా చెల్లెలి చెయ్యి నువ్వు తిరిగి ఇవ్వలేవు. ఇదొక్కటి చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అక్కా, మిషను సరిగ్గా ఉందని తేలితే ఏం రాస్తారో తెలుసా? ఆడమనిషి అడ్డం వెళ్ళిందని రాస్తారు. తప్పు చెల్లెమ్మ మీదికి వస్తుంది."

"రానీ! తప్పు మోసినా దానికి కూడన్నా దొరుకుతుంది."

"ఇంకో నాలుగు ఊళ్ళల్లో మిషన్లకు ఇదే పెట్టానక్కా. నా చేత్తోనే పెట్టాను. ఇది దాచేస్తే అక్కడ కూడా ఆడవాళ్ళు పట్టా పక్కనే కూర్చుంటారు. నేను చెప్పిన చోటే. కంపెనీవాళ్ళకు తెలిస్తే అన్నిటినీ ఒకేసారి ఆపుతారు. వాళ్ళ చేతిలో ఉంటుంది అది."

"ఆ నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళు నాకు చుట్టాలా?" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఇప్పుడు కూడా ఆ మాట వెనక్కి తీసుకోను. ఎదురుగా కట్టు కట్టిన చెయ్యి కనపడుతుంటే ఎవరికైనా ఎన్ని ఊళ్ళు కనపడతాయి?

ఆయన పెన్‌డ్రైవును మళ్ళీ మొలతాడుకు కట్టుకున్నాడు. ముడి పడక మూడుసార్లు వేశాడు.

మర్నాడు కంపెనీ మనిషి కారులో వచ్చాడు. తెల్లచొక్కా, మెడలో కార్డు. ల్యాప్‌టాప్ పెట్టి చూసి, "ఇది మాది కాదే. ఎవరు పెట్టారు?" అన్నాడు.

"నేనేనండీ" అన్నాడు మెకానిక్కు. ఇంకా అడగకముందే ఎక్కడ తెచ్చాడు, ఎందుకు పెట్టాడు, ఏం జరిగింది, అంతా చెప్పాడు. నాలుగు ఊళ్ళ పేర్లు, ఆపరేటర్ల పేర్లు రాసిన కాగితం చేతికిచ్చాడు. "వీటిని ఇవాళే ఆపించండి సార్."

ఆ సారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, తిరిగి ఇచ్చేశాడు. "అక్కడినుంచి మాకేమీ ఫిర్యాదు రాలేదండీ. బయటి సాఫ్ట్‌వేర్ వేసుకున్న మిషనుతో మాకు సంబంధం ఉండదు." మూడు ఫోటోలు తీసుకున్నాడు. రూతమ్మను చూపించమని అడగలేదు. ఎండగా ఉందని మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు.

అంతే. బీమా రాలేదు. ఏ మిషనూ ఆగలేదు. ఆయన చెప్పిన నిజం వల్ల ఎవరికైనా మేలు జరిగిందేమోనని నేను చాలారోజులు వెతికాను. నాకు కనపడలేదు.

ఆ తర్వాత ఆయన మోపెడ్ వేసుకుని ఆ నాలుగు ఊళ్ళూ తిరిగాడు. ఒకచోట ఆపరేటరు అందరి ముందే అన్నాడట: "పెట్టింది నువ్వే, భయపెట్టేది నువ్వే. జొన్న నువ్వొచ్చి పీకుతావేంటి? పోవయ్యా పో." ఇంకొకచోట పోనీ అని తీయించుకున్నారు. ఈయన మోపెడ్ ఊరు దాటేలోపు గ్రూపులోనుంచి దించుకుని మళ్ళీ ఎక్కించుకున్నారు. అది పనిచేస్తోంది కదా. జొన్న దగ్గర ఆగడం లేదు కదా. మా ఆసామి కూడా కొత్త డ్రోను కొన్నాడు. నెల తిరిగేసరికి దానికీ కళ్ళు మూయించాడని విన్నాను. మెకానిక్కు చేత కాదు, వేరే వాడి చేత.

మా ముఠా ఆడవాళ్ళకు నేను గట్టిగా చెప్పాను, ఆ మనిషితో ఎవరూ మాట్లాడొద్దని. వాళ్ళు విన్నారు. ఆయన ఎదురొస్తే పక్కకు తిరిగేవాళ్ళు. ఆయన మాత్రం దూరంనుంచే కేకేసేవాడు, "చెల్లెమ్మ చెయ్యి ఎట్లా ఉంది?" అని. జవాబు చెప్పేవాళ్ళు లేరు. అయినా అడిగేవాడు. ప్రతిసారీ.

కోతల ముందు ఒకరోజు ఇంటికి వచ్చాడు. తోలు తొడుగు ఒకటి కుట్టుకొచ్చాడు. వేళ్ళు పోయిన చోట రెండు ఇత్తడి కొక్కేలు, బొటనవేలితో నొక్కితే దగ్గరికొచ్చేట్టు. నేను గడప దాటనివ్వలేదు. "తీసుకుపో నీ అతుకు" అన్నాను. లోపలినుంచి రూతమ్మ అంది, "అక్కడ పెట్టి వెళ్ళన్నా."

అది తొడుక్కుని నాలుగు రోజులు కోతకు వచ్చింది. కొక్కేనికి కాయ దొరికేది, తొడిమ ఊడిపోయేది. ఒకరోజు గోతం కుమ్మరిస్తే సగం కాయలకు తొడిమ లేదు. ఆసామి గోతాన్ని చూశాడు, అంతే. మర్నాటినుంచి రూతమ్మ రాలేదు. ఇప్పుడది మా అన్నం క్యారేజీలు మోసుకొస్తుంది, గట్టు మీద కూర్చుని మా చంటిపిల్లల్ని చూస్తుంది. మేం ఎంత వేగంగా కోస్తున్నామో కూడా చూస్తుంది. ఒక్కోసారి దాని బొటనవేలు దానంతట అదే కదులుతుంటుంది.

ఆయన కొట్టులోనే పోయాడు. గుండె ఆగింది. చర్చిలో గంట కొట్టారు గానీ సమాధి దగ్గరకు వచ్చింది చాలా కొద్దిమంది. నేను వెళ్ళనన్నాను. రూతమ్మ అప్పటికే చీర మార్చుకుంది. దాన్ని ఒంటరిగా పంపలేక వెంట నడిచాను.

పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరే వంగి పిడికెడు మన్ను వేస్తున్నారు. రూతమ్మ వంతు వచ్చింది. వంగి, ఎడంచేత్తో మన్ను తీసుకుంది. పక్కనున్న సంఘపెద్ద ఆపాడు. "అయ్యో, ఎడంచేత్తో కాదమ్మా. కుడిచేత్తో వెయ్యి."

"కుడిది ఆయన తీసుకుపోతున్నాడయ్యా" అంది రూతమ్మ.

మన్ను వేసి పక్కకు తప్పుకుంది. ఆయన భార్య తల వంచుకుంది. అందరూ నా వంక చూశారు, తర్వాతి వంతు నాదే కదా అని. రెండు చేతులూ బాగున్నదాన్ని. వేయలేకపోయాను.